చెప్పకముందే బిగించిన నట్టు

సస్కాచెవాన్ ఆగ్నేయపు మూల, ఫిబ్రవరి.
ఊపిరి వదిలితే కనురెప్పల మీదే గడ్డకట్టే చలి.
నా ఉద్యోగం చూడటం.
కెమెరా భుజానేసుకుని
ఈ నూనెబావి నుంచి ఆ నూనెబావికి తిరగడం.

మామూలు కంటికి అక్కడేమీ ఉండదు.
మంచు, మంచులోంచి పొడుచుకొచ్చిన గోధుమ మోళ్ళు,
ఎవరేమన్నా సరేసరేనంటూ
రాత్రింబవళ్ళు తలూపే పంపు.
కెమెరాలోంచి చూస్తేనే
ట్యాంకు మూత అంచున సన్నగా, నల్లగా,
ఆర్పేసిన పొయ్యి మీద ఆఖరి పొగలా
మీథేన్.
రంగు లేదు, చప్పుడు లేదు.
లేదనుకుంటే లేనట్టే.

మా ఆఫీసు గోడకి చెక్క ఫ్రేములో ఒక ప్రతిజ్ఞ:
"ఎవరి బలవంతమూ లేకుండా, మా అంతట మేమే
నలభై శాతం తగ్గిస్తాం."
కింద పదకొండు కంపెనీల సంతకాలు,
కిటికీ ఎండకి సగం వెలిసిపోయి.
దేంట్లో నలభై, అని అడిగానొకసారి.
లీలండ్ ఫేర్, మా సూపర్‌వైజరు, కాఫీ కలుపుతూ
"మనం లెక్కపెట్టిన దాంట్లో" అన్నాడు.
నవ్వలేదు.
ఎవరి తక్కెడ వాళ్ళ చేతిలో ఉంటే
బెల్లం ఎప్పుడూ సరిగ్గానే తూగుతుంది.

సర్కారు తక్కెడా చూశాను లెండి.
నాలుగు వేల బావులకి ఒక్క ఇన్‌స్పెక్టరు, ఒక్క కారు.
వస్తున్నానని పది రోజుల ముందే ఉత్తరం రాస్తాడు.
ఆ పది రోజులూ ఊళ్ళో ఎక్కడా
గాస్కెట్లు దొరకవు.

ఆరెస్ట్ దూబిక్ సంగతి వేరు.
పందొమ్మిది బావులు, తాత దున్నిన నేలలోనే.
ఎవరూ చెప్పకముందే ప్రతి వాల్వూ మార్చాడు,
గొట్టం కొసన ఎగిరే మంట ఆర్పేసి
ఆ గ్యాసుని పైపులోకి మళ్ళించాడు.
ఎందుకయ్యా అంటే
"ఆ వెలుగుకి మా కోళ్ళు నిద్రపోవట్లేదు" అన్నాడు.
అంతే. భూగోళం మాట ఎత్తలేదు.
బ్యాంకులో అప్పు మిగిలింది.
తర్వాత కౌలు వేలంలో
ఏ వాల్వూ మార్చనివాళ్ళు అతనికంటే ఎక్కువ పాడారు.
పందొమ్మిది, పన్నెండయ్యాయి.
పన్నెండు, ఏడు.

కొత్త చట్టం మీద విచారణ కర్లింగ్ హాల్లో పెట్టారు.
మంచు మీద పలకలు పరిచి కుర్చీలేశారు.
అరికాళ్ళలోంచి చలి పాకుతుండగా
సంఘం తరఫు మనిషి తెర మీద బొమ్మలు వేశాడు:
నమ్మకం, భాగస్వామ్యం, మన ఇంటి సంగతి మనమే చూసుకోవడం.
చివరి బొమ్మలో ఆరెస్ట్, టోపీతో, తన బావి పక్కన.
"ఇలాంటివాళ్ళుండగా చట్టమెందుకు?" అని
అతన్నే మాట్లాడమన్నాడు.

ఆరెస్ట్ లేచాడు. టోపీ తీశాడు. చాలాసేపు దాన్నే తిప్పుతూ నించున్నాడు.
"నా ఫోటో తీసెయ్యండి.
నేను మంచివాణ్ణి కాబట్టి రూలు వద్దంటున్నారు.
ఆ మంచితనానికి వడ్డీ కట్టేది నేను.
అందరికీ ఒకటే రూలు పెట్టండి.
మంచివాడిగా ఉండి ఉండి అలిసిపోయాను,
ఇక మామూలు మనిషిగా బతకనివ్వండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో దగ్గారు.
ఫోటో తీసేద్దామని ఆయన మీట నొక్కుతూనే ఉన్నాడు,
చలికి అది బిగుసుకుపోయింది.
తెర మీద పెద్ద ఆరెస్ట్,
కింద కుర్చీలో చిన్న ఆరెస్ట్,
ఇద్దరూ ఒకరి వైపొకరు చూసుకోకుండా.

చట్టం వస్తుందో రాదో తెలీదు.
వచ్చినా ఆ ఒక్క కారే వస్తుందేమో.

మర్నాడు పొద్దున్నే సామాన్ల కొట్టుకెళ్ళాను.
మూడంగుళాల గాస్కెట్లు
నిన్న రాత్రే అయిపోయాయన్నారు.

ఉత్తరం ఇంకా రానేలేదు.